చచ్చిన పడవ ఇనుము

ఏడో దూలం కింద ఇంకా ఎవరో ఉన్నారు.

ముందుగా చూసింది అబిగయీలు. సముద్రంలో కలిసే ఉప్పుటేటి నీళ్ళలో తేలుతున్న చేపల గంపల మధ్య ఎర్రగాజుల చెయ్యి ఒకటి పైకి లేచి, మళ్ళీ మునిగింది.

"నాయనా! ఏడో దూలం! దాని కింద మనిషుంది!"

గొంతు దాకా నీళ్ళలో ఉన్న టైటస్ అటు తిరిగాడు. పావుగంట కిందట జెట్టీ చివరి సగం ఒక్కసారిగా ఒరిగి, మీదున్న పద్నాలుగు మందితో సహా ఏట్లో కూలినప్పుడు, ఒడ్డు మీంచి ముందు దూకింది అతనే. రెండేళ్ళ కిందట ఆ జెట్టీ కట్టిన వడ్రంగీ అతనే.

దూలం కింద భుజం పెట్టి లేపాడు. కదల్లేదు. ఇద్దరు జాలర్లు వచ్చి పట్టారు. మూడో ఊపుకు దూలం పక్కకు దొర్లింది. టైటస్ మునిగి, ఒక మనిషిని రెండు చేతుల మీద ఎత్తుకుని లేచాడు.

చెంచమ్మ. ఊరి పెద్దకాపు వెంకయ్య భార్య. తెల్లవారుజామున తిరిగొచ్చిన పడవల నుంచి రొయ్యలు దించుకోవడానికి మిగతా ఆడవాళ్ళతో కలిసి జెట్టీ మీదికి వెళ్ళింది. ఇసకలో పడుకోబెట్టి గుండె మీద నొక్కారు. నోట్లోంచి నీళ్ళు వచ్చాయి, ఊపిరి రాలేదు.

జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. వెంకయ్య నడిచి వచ్చాడు. డెబ్భై ఏళ్ళు దాటినా వంగని మనిషి. భార్య ముఖం మీది జుట్టు పక్కకు తీశాడు. ఏడవలేదు. తల ఎత్తి, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ నిలబడ్డ టైటస్‌ను చూశాడు.

"నీ ఇనుము సంగతి నాకు ఆ రోజే తెలుసురా టైటసూ! పోన్లే పాపమని గమ్మునున్నా. చూడు ఏం చేసినావో!"

ఎవరో టైటస్ చొక్కా పట్టుకున్నారు. ఇంకెవరో తెడ్డు ఎత్తారు.

"ఆగండ్రా!" వెంకయ్య గొంతు ఖంగుమంది. "ఎవురూ చెయ్యి చేసుకోబాకండి. దురాయి వేస్తాండా. సాయంత్రం నాలుగు గంటలకి ఇక్కడే పేరు పలుకుతా. అందాకా ఒక్క పడవ కూడా కదలగూడదు."

దురాయి అంటే ఈదులతిప్ప పాళెంలో పిల్లలకు కూడా తెలుసు. ప్రాణం తీసిన తప్పు జరిగితే పెద్దకాపు సముద్రం వైపు తిరిగి, తప్పు చేసినవాడి పేరును తండ్రి పేరుతో కలిపి ఊరందరికీ వినబడేలా పలుకుతాడు. ఒక్కసారే. పలికిన పేరు వెనక్కి తీసుకోవడమన్నది లేదు. ఆ ఇంటికి ఇక నీళ్ళివ్వరు, నిప్పివ్వరు, పలకరించరు. ఆ పేరే పోలీసు ఫిర్యాదులోకి ఎక్కుతుంది.

అబిగయీలు చేతి గడియారం చూసుకుంది. ఏడు కావడానికి పది నిమిషాలు. ఆ నాలుగు గంటలకు ఏ పేరు వినబడబోతోందో ఆ ఒడ్డున అందరికీ తెలుసు.

*

ఎస్సై విజయకుమారి తొమ్మిదింటికి వచ్చింది. చెంచమ్మ శవాన్ని పరీక్షకు నెల్లూరు పెద్దాసుపత్రికి పంపింది. కాళ్ళు విరిగిన ముగ్గురిని అప్పటికే తీసుకెళ్ళారు. ఆకాశం నల్లగా కమ్ముకుని ఉంది, వాన పడటం లేదు, గాలి లేదు. విరిగిన దూలాలను జాలర్లు ఒడ్డుకు లాగి వరసగా పేర్చారు.

టైటస్‌ను వలల కొట్టంలో ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య కూర్చోబెట్టారు.

"ఇదిగో, ఇదీ మీ నాన్న పనితనం." ఎస్సై ఒక బోల్టును అబిగయీలు ముందు పెట్టింది. "బీఎస్సీ చదివావట. నువ్వే చూడు."

అబిగయీలు బోల్టును అరచేతిలో పెట్టుకుంది. ఆమె నెల్లూరులో బోల్టులు, నట్టులు అమ్మే కొట్టులో నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. రోజూ పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, కౌంటర్ వెనక నిలబడి మేస్త్రీలతో వాదించే పిల్ల. ఊళ్ళో ఆకతాయిలు 'బోల్టులమ్మ' అని పిలుస్తారు.

బోల్టు తల దగ్గర ఇంకా కొంత మెరుపు ఉంది. చెక్క లోపల ఉన్న భాగం మాత్రం ఎలుక కొరికిన కొవ్వొత్తిలా ఉంది. వేలెడు లావు ఉండాల్సింది పెన్సిల్ ముక్కంత అయింది. గోటితో గీకితే ఎర్రటి పొర లేచింది.

"ఇది మా నాయన వాడింది కాదు మేడమ్."

"అందరూ అదే అంటారు."

"మీకు చెప్తాను, వినండి. ఈ చెక్క పచ్చగా ఎందుకుందో తెలుసా? చెద పట్టకుండా, నీళ్ళకు కుళ్ళకుండా మిషన్లో పెట్టి ఒత్తిడితో రాగి మందు లోపలి దాకా ఎక్కిస్తారు. చెక్కకు మంచిదే. కానీ ఆ రాగి మామూలు ఇనుమును తినేస్తుంది. ఉప్పునీళ్ళు తోడైతే ఇంకా తొందరగా తింటుంది. అందుకని ఈ చెక్కకు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులన్నా వెయ్యాలి, లేకపోతే కరిగిన జింకులో ముంచి తీసినవన్నా వెయ్యాలి. హాట్ డిప్ అంటాం. అవి బూడిద రంగులో, గరుకుగా ఉంటాయి. చూడ్డానికి బాగుండవు, కానీ పూత మందం. ఇది చూడండి, మెరుస్తోంది. దీనిమీద జింకు ఉల్లిపొర కంటే పలచన. ఇంట్లో తలుపు గొళ్ళేలకు సరిపోతుంది. ఈ చెక్కలో, ఈ నీళ్ళ మీద రెండేళ్ళు నిలబడటమే గొప్ప."

"అంటే మీ నాన్న పనికిరాని బోల్టులు వేశాడనే కదా నువ్వు చెప్పేది?"

"హాట్ డిప్ బోల్టులే వెయ్యాలని నాయనకు చీటీ రాసిచ్చింది నేను మేడమ్. అరవై నాలుగు. నాయన దాచుకునే నమూనాకు ఇంకొకటి. సైజుతో సహా నాకు గుర్తు."

విజయకుమారి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చెడ్డ మనిషి కాదు, తొందరలో ఉన్న మనిషి.

"చూడమ్మా. మనిషి చచ్చిపోయింది. కట్టినవాడు ఎదురుగా ఉన్నాడు. నాలుగింటికి ఆ పెద్దాయన మీ నాన్న పేరు చెబితే ఊరంతా సంతకాలు పెడుతుంది. నేను రాసుకుని బండెక్కించుకుపోతాను. ఇంకో పేరు ఉంటే, రుజువుతో పట్టుకురా. అంతకంటే నేనేం చెయ్యలేను."

*

ఊరి చివర టైటస్ పని చేసుకునే రేకుల కొట్టం. గోడ వారన బల్ల మీద పాత పచ్చడి సీసాలు ఇరవై దాకా ఉన్నాయి. ఒక్కో దానిలో సముద్రపు నీళ్ళు, ఆ నీళ్ళలో చెక్కముక్క, చెక్కముక్కలో దిగేసిన మేకో బోల్టో. టైటస్ అలవాటు అది. ఏ పని ఒప్పుకున్నా, ఆ పనికి వాడే చెక్కలోంచి ముక్క కోసి, వాడే ఇనుము దాంట్లోకి దించి, సీసాలో వేసి, మూత మీద సున్నంతో పేరు, తేదీ రాస్తాడు. ఆరు నెలలకొకసారి నీళ్ళు మారుస్తాడు. "నేను పోయినాక కూడా నా పని ఎట్టా ఉందో ఈ సీసా చెప్తాది" అంటాడు. అతని భార్య లిల్లీ బతికున్నప్పుడు ఆ సీసాలను చూసి నవ్వేది. ఊరగాయ పెట్టుకోవడానికి ఒక్క సీసా లేకుండా చేశావని.

'జెట్టీ' అని రాసిన సీసా మూత తిప్పింది అబిగయీలు. పచ్చ చెక్క నల్లబడింది. బోల్టు మీద అక్కడక్కడా తెల్లటి పొడి. ఎర్ర తుప్పు జాడ లేదు. తుడిస్తే బూడిద రంగు అలాగే ఉంది. అదే చెక్క, అవే నీళ్ళు, అవే రెండేళ్ళు.

సీసా చంకలో పెట్టుకుని వలల కొట్టానికి పరుగెత్తింది.

"నాయనా, నువ్వు బిగించినవి ఇవే గదా? ఒట్టు మాటలొద్దు, ఉన్నది చెప్పు."

టైటస్ సీసా చూసి తల ఊపాడు. అతని పెదవులు ఇంకా నీలంగానే ఉన్నాయి.

"అరవై నాలుగూ నా చేతులతో దిగేసినా పాపా. వలలు తగులుకోకుండా తలలు చెక్కలోకి దించినా. పైన తారు పొయ్యాల్సుండె. ఆ రోజే గదా మీ అమ్మ…"

ఆ రోజే లిల్లీ పోయింది. నెల్లూరు ఆసుపత్రిలో. టైటస్ పని ఎక్కడిదక్కడ వదిలేసి వెళ్ళాడు. సమాధి, ప్రార్థనలు అన్నీ అయి మళ్ళీ జెట్టీ మీద కాలు పెట్టేసరికి తొమ్మిది రోజులు.

"నేను తిరిగొచ్చేసరికి గుంటలన్నీ పూడ్చేసి ఉన్నాయి. అడిగితే, 'నువ్వు పుట్టెడు దుఃఖంలో ఉండావన్నా, మేమే పోసేసినాం' అన్నారు. నాకు ఏడుపొచ్చింది. మనం వేరే దేవుణ్ణి కొలిచేవాళ్ళమైనా, ఇంత మనసు చూపించినారే అని."

"ఏం పోసినారు? తారేనా?"

"కాదు. గుగ్గిలం."

*

కాంట్రాక్టర్ సుశీల్ కుమార్ కారు పన్నెండింటికి వచ్చింది. మనిషి దిగలేదు, అద్దం మాత్రం నాలుగు వేళ్ళు దించాడు.

"నాకేం సంబంధం లేదు. ముందే చెప్తున్నా. పని సబ్ కాంట్రాక్టు మీ నాన్నకిచ్చా."

"బోల్టులు మీరే తెప్పించారు గదా అన్నా?"

"తెప్పించా. మీ నాన్న మొండితనానికి తెప్పించా. మెరిసేవి చవగ్గా వస్తాయయ్యా అంటే వినడే! 'ఈ చెక్కకు ఆ మెరిసేవి విషం' అంటాడు. విషమట! ఇనుముకి విషం! స్టెయిన్‌లెస్ కావాలని మొదలుపెట్టాడు, నేను చచ్చినా ఒప్పుకోనంటే చివరికి ఈ బూడిదవాటి దగ్గర దిగాడు."

"మీరు తెచ్చింది బూడిదవే అని రుజువుందా?"

సుశీల్ కుమార్‌కు కోపం వచ్చింది. ఫోను తీసి వేలితో చాలాసేపు వెనక్కి తోశాడు. ఫోటో చూపించాడు. జెట్టీ మీద పచ్చ దూలాలు, గుంటల్లో బూడిద రంగు బోల్టు తలలు వరసగా, పక్కన నడుం మీద చెయ్యి పెట్టుకుని సుశీల్ కుమారే. తేదీ చూసింది అబిగయీలు. అమ్మ పోయిన రోజు. పొద్దున పదకొండు.

"ఈ ఫోటో ఎస్సై మేడమ్‌కి చూపించండన్నా."

"నన్నెందుకమ్మా మధ్యలో…"

"చూపించకపోతే బోల్టులు మార్చింది మీరే అని నేను చెప్తాను."

అద్దం పూర్తిగా కిందికి దిగింది.

మంచి బోల్టులు వచ్చాయి. మంచి బోల్టులు దిగాయి. తొమ్మిది రోజుల్లో ఎవరో వాటిని ఊడదీసి, వేరేవి బిగించి, పైన గుగ్గిలం పోశారు. అబిగయీలు విరిగిన దూలాల దగ్గరికి వెళ్ళి, ఏడో దూలం బోల్టు గుంట ఒకటి గీకి లోపలి బోల్టును బయటికి తీసింది. తేనె రంగు ముద్ద, నూనె వాసన. నూనెలో కాచిన గుగ్గిలం, పడవ పలకల సందుల్లో కూరే ముద్ద అది. పాళెంలో ఇప్పుడన్నీ ఫైబర్ పడవలే. గుగ్గిలం కాచే మనిషి ఊరికంతా ఒక్కడే మిగిలాడు.

*

చెంచయ్యకు ఎనభై దగ్గర. ఇంటి అరుగు మీద కూర్చుని బీడీ ముట్టించుకోవడానికి తంటాలు పడుతున్నాడు.

"రామ్మే బోల్టులమ్మా. నా దగ్గర గూడా బోల్టులుండాయి, మోకాళ్ళల్లో. అవీ తుప్పు పట్టినాయి."

"తాతా, జెట్టీ గుంటలకి గుగ్గిలం నువ్వేనా కాచింది?"

బీడీ అంటుకోనేలేదు. చెంచయ్య దాన్ని చెవి మీద పెట్టుకున్నాడు.

"నాలుగు డబ్బాలు కాచినా. అడిగినారు, కాచినా."

"ఎవురు అడిగినారు?"

"నీళ్ళు తాగుతావా?"

"తాతా, మూడు గంటల్లో మా నాయన పేరు పలకబోతాండారు. ఆ పేరు పలికితే మా అమ్మ సమాధి మీద మట్టి సర్దడానికి గూడా ఆయన ఈ ఊళ్ళో అడుగు పెట్టలేడు. ఎవురు అడిగినారు?"

ముసలాయన చెవి మీది బీడీ తీసి ఇసకలోకి విసిరాడు.

"పేరు నా నోటితో రాదు బిడ్డా. దురాయి వేసినాక పేరు చెప్పే నోరు ఒకటే. అది తప్పితే ఏదైనా అడుగు."

"బోల్టులు ఎందుకు మార్చినారు?"

"నీకు తెలీదులే. మీది ఇనుము అమ్ముకునే కొట్టు. మాది ఇనుముని నమ్ముకునే బతుకు." గొంతు తగ్గించాడు. "పడవ విరిగి మనుషుల్ని ముంచిందనుకో, దాని ఇనుము ఇంక ముట్టుకోం. కొత్త పడవకి ఒక్క మేకు గూడా కొట్టం. మనిషి రుచి మరిగిన ఇనుమది, మళ్ళీ అడుగుతాది. సముద్రంలో నాని నాని అది ఏ రంగుకొస్తాదో తెలుసా? బూడిద రంగు. గరుగ్గా, పొక్కులు పొక్కులుగా. మీ నాయన జెట్టీకి కొట్టినవి అచ్చం అట్టానే ఉండె. కొత్త ఇనుము మెరవాల గదా? అవి మెరవలా. కాంట్రాక్టరు పాత సామాన్లోంచి చచ్చిన పడవ ఇనుము తెచ్చి అంటగట్టినాడు, టైటస్ పిచ్చోడు, చూసుకోలా, అనుకున్నాం."

అబిగయీలు అరుగు మీద కూర్చుంది.

"మా నాయన్ని అడగొచ్చు గదా తాతా! ఒక్క మాట!"

"అడగాలనే అన్నా. 'వద్దురా, పెళ్ళాం పోయి ఏడస్తాండాడు, ఇప్పుడు పోయి నీ పని పాడు పని అంటే గుండె పగిలి చస్తాడు, వాడికి తెలీకుండానే మార్చేద్దాం' అన్నాడు. గూడూరు పోయి సొంత డబ్బులు పెట్టి తెల్లగా తళతళలాడేవి తెచ్చినాడు. మూడు రోజులు పదిమంది కుర్రోళ్ళతో ఊడదీయించి బిగించినాడు. ఈ సంగతి ఇంక నోటెత్తొద్దన్నాడు. ఆ ఇనుము పేరు ఎత్తినా అరిష్టమే. ఊడదీసినా, ఒకసారి తగిలిన చెక్కని అది వదల్లా, చూడు. మంచికే చేసినాడమ్మా. దేవుడి తోడు, మంచికే చేసినాడు."

"ఊడదీసినవి యాడుండాయి?"

చెంచయ్య తల అడ్డంగా ఊపాడు. కానీ అతని కళ్ళు సరుగుడు తోపు వైపు పోయాయి. తోపు అవతల, చాలా ఏళ్ళ కిందట తుఫానుకు బద్దలైన పడవ ఒకటి ఇసకలో సగం కూరుకుపోయి ఉంటుంది. అటు పశువులు తప్ప ఎవరూ పోరు.

అబిగయీలు పోయింది. పడవ ముక్కు దగ్గర చేతులతో తవ్వింది. మోచేతి లోతులో గోనె సంచి తగిలింది. కుళ్ళిన గోనె చేతిలోనే చిరిగి, బోల్టులు ఇసకలోకి జారాయి. బూడిద రంగువి. గరుకువి. ఒక్కదానికీ తుప్పు లేదు.

లెక్కపెట్టింది. అరవై నాలుగు.

వాటి మధ్య మోకాళ్ళ మీద ఉండగానే పొద్దున విన్న మాట ఒకటి చెవుల్లో మళ్ళీ మోగింది. నీ ఇనుము సంగతి నాకు ఆ రోజే తెలుసురా. పోన్లే పాపమని గమ్మునున్నా. గుగ్గిలం కింద మూసుకుపోయిన ఇనుము సంగతి ఆ రోజే ఎలా తెలిసింది? చెంచయ్య చెప్పనన్న పేరు ఎవరిదో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆమెకు సంతోషం కలగలేదు. పొద్దున్నే భార్యను పోగొట్టుకున్న మనిషి అతను.

*

"వద్దు పాపా." విన్నాక టైటస్ అన్న మొదటి మాట అది. వలల కొట్టంలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. "ఈ రోజు వద్దు. ఆయన చెంచమ్మక్కని ఇంకా మట్టి కూడా చెయ్యలేదు. నా కోసం చేసినాడే, మార్చి తప్పు చేసినాడు గానీ నన్ను అవమానించగూడదని చేసినాడు. అమ్మ పోయినప్పుడు నాకెట్టా ఉండిందో నాకు తెలుసు."

"మరి నీ పేరు పలికితే?"

"పలకనీ. ఆ గుంటలు ఒక్కటన్నా విప్పి చూసుకుని ఉంటే బయటపడేది. చూడలా. అది నా తప్పే గదా."

"చూడలేదు. నమ్మినావు. నమ్మడం తప్పయితే జైలుకి నన్ను గూడా తీసుకుపో." అబిగయీలు లేచింది. "నేనేమీ పేరు చెప్పను నాయనా. రెండు బోల్టులు ఆయన చేతిలో పెడతా. అంతే."

*

నాలుగయింది. పడవలన్నీ ఇసక మీదికి లాగేసి ఉన్నాయి. ఊరంతా వచ్చింది. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. ఎస్సై కుర్చీలో కూర్చుని ఒళ్ళో కాగితాలు పెట్టుకుంది. సుశీల్ కుమార్ కారు పక్కనే నిలబడ్డాడు, ఏ క్షణమైనా ఎక్కేట్టు.

వెంకయ్య తలస్నానం చేసి తడిబట్టలతోనే వచ్చాడు. టైటస్‌ను ముందు నిలబెట్టారు.

"తాతా." అబిగయీలు అడుగు ముందుకు వేసింది. గుంపులోంచి ఎవరో "ఆడపిల్లకేం పనిరా ఈడ" అన్నారు. ఇంకొకడు "తూకం వెయ్యడానికొచ్చిందేమో బోల్టులమ్మ" అని నవ్వబోయాడు. పక్కవాడు వాడి నెత్తిన మొట్టాడు.

"మాట్లాడనీండి," అన్నాడు వెంకయ్య.

"నేను మాట్లాడను తాతా. నువ్వే చెప్పాల." రెండు బోల్టులు అతని రెండు చేతుల్లో పెట్టింది. "ఈ రెండిట్లో చచ్చిన పడవ ఇనుము ఏది?"

ఆ మాట వినగానే గుంపు ఒక అడుగు వెనక్కి జరిగింది. ముసలాయన కళ్ళు చిట్లించాడు. కుడిచేతిలో బూడిద రంగుది. ఎడమచేతిలో తల మెరుస్తున్నది, దాని ఒంటిని ఆమె పాతగుడ్డలో చుట్టింది.

వెంకయ్య కుడిచెయ్యి ఎత్తాడు. "ఇది. నీకేం తెలుసు ఈ సంగతి?"

"అది మా నాయన సీసాలోది. రెండేళ్ళుగా ఈ పచ్చ చెక్కలో, ఈ ఉప్పునీళ్ళలోనే ఉండింది. కొత్తగా కొన్నప్పుడూ అదే రంగు తాతా. అది కరిగిన జింకు రంగు, చావు రంగు కాదు. గోటితో గీకి చూడు, తుప్పుందేమో." ఆగింది. "ఇప్పుడు ఎడమచేతి దాని గుడ్డ విప్పు."

వెంకయ్య గుడ్డ విప్పాడు.

తల మెరుస్తూనే ఉంది. కింద ఇనుము లేదు, ఎర్రటి పుల్ల ఉంది. అతని బొటనవేలు తగలగానే రెండు ముక్కలై ఒకటి ఇసకలో పడింది.

"అది యాడిది?" అన్నాడు.

"ఏడో దూలానిది."

ఏడో దూలం కింద ఎవరు దొరికారో అక్కడ చెప్పాల్సిన పని లేదు. ఆడవాళ్ళ వైపు నుంచి ఏడుపు ఒకటి మొదలై ఆగిపోయింది. చెంచయ్య రెండు చేతులతో తల పట్టుకుని ఇసకలో కూలబడ్డాడు. చిరిగిన గోనెలోంచి తీసిన అరవై నాలుగు బోల్టులు అబిగయీలు వెనక చీరముక్క మీద కుప్పగా ఉన్నాయి. వెంకయ్య వాటిని చూశాడు. గుర్తుపట్టాడు.

"ఈ మెరిసేవి," అన్నాడు మెల్లగా, "ఈ చెక్కకి ఆగవా?"

"ఆగవు తాతా."

"టైటసుకి తెలుసునా ఆ సంగతి?"

"తెలుసు. అందుకే బూడిదవి తెప్పించినాడు."

వెంకయ్య టైటస్ వైపు తిరిగాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకరికి భార్య పోయి రెండేళ్ళు, ఇంకొకరికి పోయి పది గంటలైనా కాలేదు. టైటస్ తల అడ్డంగా ఆడించాడు. వద్దు అన్నట్టు. ఈ రోజు వద్దు అన్నట్టు.

ఎస్సై కలం మూత తీసింది. "పెద్దాయనా, చీకటి పడేలోపు నేను నెల్లూరు చేరాలి. పేరు చెప్తే రాసుకుంటాను. లేదంటే నా దగ్గరున్న పేరే రాస్తాను."

"రాసుకుందువు తల్లీ. ఆగు."

విరిగిన బోల్టు తలను పిడికిట్లో పట్టుకుని వెంకయ్య నీళ్ళ అంచు దాకా నడిచాడు. అల ఒకటి వచ్చి అతని పాదాల మీదుగా వెనక్కి పోయింది. పైకప్పులా కమ్మిన మబ్బు కింద సముద్రం సీసం రంగులో ఉంది. ముప్ఫై ఏళ్ళలో ఆయన అక్కడ నిలబడి నాలుగు పేర్లు పలికాడు. ఒక్కసారీ గొంతు వణకలేదు.

"దురాయి!" అని అరిచాడు.

ఊరంతా తలలు వంచింది. అబిగయీలు తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"జెట్టీ బోల్టులు ఊడదీయించినోడు! మనిషిని అడక్కుండా, తెలిసినోణ్ణి అడక్కుండా, కంటికి కనబడిన మెరుపుని నమ్మినోడు! చెంచమ్మని చంపినోడు…"

అక్కడ ఒక్క క్షణం ఆగాడు. తర్వాత, పొద్దున ఆమె శవం పక్కన కూడా పగలని గొంతు పగిలింది.

"పోలయ్య కొడుకు వెంకయ్య!"